నడి ధార

గోదావరి జిల్లాల్లో మొలాసిస్ నుంచి స్పిరిట్ తీసే ఫ్యాక్టరీలో నా ఉద్యోగం మొదలైంది. అక్కడి కాలమ్ స్టిల్స్‌తో, అంటే స్తంభాల్లాంటి బట్టీలతో, మేం చేసేదల్లా వాసనా రుచీ మిగలకుండా శుద్ధి చేయడమే. మా స్పిరిట్ ఫలానా ఫ్యాక్టరీదని ఎవరైనా వాసన చూసి పట్టేస్తే మా పని చెడినట్టే. ఎడిన్‌బరోలోని హెరియట్-వాట్ యూనివర్సిటీలో చదివి, స్కాట్లాండ్‌లో రాగి స్టిల్ దగ్గర డ్యూటీకి ఎక్కాక లెక్క తిరగబడింది. ఇక్కడ మాల్ట్ విస్కీ చేసే ప్రతి డిస్టిలరీకీ తన వాసనే ఆస్తి. దాన్ని మారకుండా నిలబెట్టడానికే మాకు జీతాలు.

మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, అంటే మాల్ట్‌ను, మరపట్టి, వేడినీళ్లతో తీపి రసం తీసి, ఈస్ట్ వేసి పులియబెడతాం. ఆ ఊటను రెండుసార్లు కాస్తాం. రెండో కాపు దగ్గరే మనిషి అవసరం. మొదటి ధార ఘాటుగా వస్తుంది, నీళ్లు కలిపితే మసకబారుతుంది. కలిపినా తేటగా నిలిచిందంటే నడి ధార మొదలైనట్టు. పీపాల్లోకి వెళ్లేది అదొక్కటే. చివరి ధారను, మొదటిదాన్ని తర్వాతి కాపులో కలిపేస్తాం. ఈ ధారల్ని వేరుచేయడమంతా తాళం వేసిన ఇత్తడి చట్రపు గాజు పెట్టెలో జరుగుతుంది. ఒకప్పుడు ఆ తాళంచెవి ఎక్సైజ్ అధికారి దగ్గరే ఉండేదట. పీట్ (బురదనేలల్లో తవ్వి తీసే ఇంధన మట్టి) పొగతో ఆరబెట్టిన బార్లీ అయితే పొగ వాసన ధార వెనకభాగంలో ఎక్కువగా దిగుతుంది. కాస్త ముందు ఆపితే పండ్ల వాసన, ఇంకాసేపు ఆగితే పొగ. ఎక్కడ ఆపాలో డిస్టిలరీకొక కట్టుబాటు.

చూడటానికి వచ్చినవాళ్లు ముందుగా అడిగేది నీళ్ల గురించే. మా నీళ్లు మంచివే. కానీ నీళ్లకు దక్కే పేరులో సగం రాగికి దక్కాలని నా గట్టి నమ్మకం. ఐలా దీవిలో లాగవులిన్, కావల్ ఈలా డిస్టిలరీలకు మాల్ట్ ఒకేచోట, పోర్ట్ ఎలెన్ మాల్టింగ్స్‌లో తయారవుతుంది. పొగ పాళ్లూ దాదాపు ఒకటే. అయినా లాగవులిన్ చిక్కగా, బరువుగా ఉంటుంది. కావల్ ఈలా తేలిక. స్టిల్ ఆకారం, అందులో ఎంత పోస్తారు, ఎంత నిదానంగా కాస్తారు, ఆవిరి ఎంతసేపు రాగిని తాకుతుంది అన్నవే ఆ తేడాకు ముఖ్య కారణాలు.

అయితే స్టిల్ ఆకారమొక్కటే చాలదనడానికి సాక్ష్యం మాల్ట్ మిల్. లాగవులిన్ యజమాని పీటర్ మాకీ పొరుగునే ఉన్న లాఫ్రాయిగ్ విస్కీకి అమ్మకం ఏజెంటు కూడా. 1907లో ఆ ఏజెన్సీ పోయింది. కోపంతో 1908లో తన ఆవరణలోనే చిన్న డిస్టిలరీ కట్టి, లాఫ్రాయిగ్ స్టిల్స్‌ను పోలిన స్టిల్స్ పెట్టించాడు. మంచి విస్కీయే వచ్చింది కానీ లాఫ్రాయిగ్ రాలేదు. మాల్ట్ మిల్ 1962లో మూతపడే దాకా తన విస్కీ తాను చేసుకుంది.

డల్‌విన్నీ డిస్టిలరీ కథ ఇంకో రకం. అక్కడ ఆవిరిని చల్లార్చేది నీళ్ల తొట్టెలో మునిగిన రాగి గొట్టపు చుట్ట. 1986లో దాన్ని తీసేసి కొత్తరకం కండెన్సర్లు పెట్టారు. నీళ్లు, బార్లీ, స్టిల్స్ అవే. ఆవిరికి రాగి ఎక్కువగా తగిలి స్పిరిట్ పలచబడింది, పాత బరువు పోయింది. 1995లో మళ్లీ తొట్టెలే తెచ్చిపెట్టారు. ఖర్చు చూసుకోకుండా వెనక్కి వెళ్లిన ఆ నిర్ణయమంటే నాకెంతో గౌరవం.

నకలు స్టిల్స్‌తో పాత విస్కీ వస్తుందా అన్న పరీక్ష ఇప్పుడు ఐలాలోనే ఇంకొకటి నడుస్తోంది. అక్కడి పోర్ట్ ఎలెన్ డిస్టిలరీ 1983లో మూతపడింది. 2024లో మళ్లీ తెరిచి, పాత స్టిల్స్‌కు నకళ్లుగా ఒక జత చేయించారు. ఓక్ పీపాలో కనీసం మూడేళ్లు నిలవుంటే తప్ప చట్టం స్కాచ్ విస్కీ అని పిలవనివ్వదు. ఆ గడువు 2027లో తీరుతుంది. పాత పోర్ట్ ఎలెన్ విస్కీ పక్కన పెట్టి కొత్తదాన్ని వాసన చూడాలని మా షిఫ్టులో అందరం ఎదురుచూస్తున్నాం.