చత్వారమూ, గురీ

ద్రోణుని పరీక్షలో అర్జునునికి పక్షి తప్ప మరేమీ కనబడలేదని ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. పిస్టల్ పట్టినవానికి ఆ ఉపదేశం తలక్రిందులు! చూపు నిలపవలసినది గొట్టం కొసనున్న ఫ్రంట్ సైట్ మీద. 10 మీటర్ల ఆవల ఉన్న లక్ష్యం మసకగానే ఉండాలి. పది మార్కుల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే.

కళాశాల నాళ్ళలో విడిచిన ఎయిర్ పిస్టల్ పోటీలకు అరవై దాటాక, రాజమండ్రిలో, మళ్ళీ సిద్ధపడుతున్నాను. చెయ్యి వణుకుతుందని మా ఇంటావిడ బెంగ. అసలు శత్రువు చత్వారం. చాచిన చేతి దూరానికి సరిపడే అద్దం పెట్టించుకున్నాకనే సైట్ తేటపడింది.

1988 సియోల్‌లో సోవియట్ జట్టుకు స్వర్ణం తెచ్చిన నీనో సలుక్వాడ్జే, 2024 పారిస్‌లో జార్జియా పక్షాన, 55 ఏళ్ళ వయసున, పదవ ఒలింపిక్స్‌లో పాల్గొన్నది. ఆమెతో నాకు పోలికేమిటి లెండి!

75 నిమిషాలలో 60 సార్లు, ఒంటిచేత్తో, నిలబడి పేల్చాలి. నలభై దాటాక భుజం ఏమంటుందో చూడాలి.