నల్ల పొగ రాగానే బోరు అనుకోవద్దు

దమ్ములు మొదలయ్యే ముందు ఈ నాలుగు ముక్కలు రాయాలనిపించింది. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మన ఊళ్ళలో ట్రాక్టర్ లాగడం లేదు, నల్లగా పొగ వస్తోంది అంటే చాలు, "ఇంజన్ బోరుకొచ్చింది" అనే మాట ముందు వచ్చేస్తుంది. మొన్న ఎండాకాలం మా బావమరిది బండికీ ఇదే చెప్పారు. రోటవేటర్ దించగానే బండి మూలుగుతోంది, సైలెన్సర్ నుంచి మసి పొగ. రింగులు, లైనర్లు మార్చాలి, 40 వేలు అవుతుందన్నారంట. "బావా, గొలుసు తాకట్టు పెట్టయినా చేయిస్తా, దమ్ములకి బండి కావాలి గదా" అని ఫోన్ చేశాడు. ఇంజన్ ఇప్పకముందు ఒకసారి చూద్దాం, ఆగమన్నాను.

ముందు చూడాల్సింది పొగ రంగు. నల్ల పొగ అంటే డీజిల్ పూర్తిగా కాలట్లేదు. గాలి చాలకపోవచ్చు, నాజిల్ సరిగ్గా చల్లకపోవచ్చు, బండి మోయలేని లోడ్ వేసి ఉండొచ్చు. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. రింగులు అరిగాయన్న అనుమానం రావాల్సింది అక్కడ. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కాసేపు తెల్ల పొగ వస్తే కంగారు లేదు. ఇంజన్ వేడెక్కాక కూడా వస్తూ, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ చూపించాలి. గేజి పుల్ల తీస్తే ఆయిల్ పాల టీ రంగులో ఉందా, నీళ్ళు కలిసినట్టే. ఇక బండి స్టార్ట్ చేయొద్దు.

వాడి బండిది నల్ల పొగ. ఆయిల్ తగ్గడం లేదు. బ్రీదర్ గొట్టం నుంచి గుప్పుగుప్పున పొగ తన్నడమూ లేదు. రింగులు పోయిన ఇంజన్‌లో మామూలుగా ఈ రెండూ కనిపిస్తాయి.

అప్పుడు ఎయిర్ క్లీనర్ ఇప్పాం. అది కింద ఆయిల్ గిన్నె ఉండే రకం. గిన్నెలో ఆయిల్ లేదు, గట్టి బురద ఉంది. పైన జాలీ నిండా దుమ్ము, ఊక. ఎండాకాలమంతా పొడి దుక్కిలో రోటవేటర్ తిప్పాడు, దానికి తోడు నూర్పిళ్ళు. ఇంజన్‌కి ఊపిరాడితే గదా లాగడానికి! జాలీని డీజిల్‌తో కడిగి ఆరబెట్టి, గిన్నె తుడిచి, గీత వరకే కొత్త ఆయిల్ పోశాం. గీత దాటితే ఇంజన్ ఆ ఆయిల్‌ని లాగేసుకుంటుంది, అదీ ప్రమాదమే. పనిలో పనిగా డీజిల్ ఫిల్టర్లు మార్చాం. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టి గాలి తీసేశాం. ఖర్చు 2 వేల లోపే. సాయంత్రం అదే చేలో అదే రోటవేటర్‌ని బండి లాగింది. గొలుసు మా చెల్లెమ్మ మెడలోనే ఉంది.

పేపర్ ఫిల్టర్ ఉన్నోళ్ళు బయటి ఫిల్టర్‌కి లోపలి నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో గాలి కొట్టించండి. నేలకేసి కొట్టొద్దు. మడత చిరిగితే దుమ్ము నేరుగా లోపలికి పోయి లైనర్‌ని ఆకురాయిలా అరగదీస్తుంది, అప్పుడు నిజంగానే బోరు. లోపలి చిన్న ఫిల్టర్ కడగొద్దు, గాలి కొట్టొద్దు, మార్చడమే. గాలి గొట్టం పగిలిందా, క్లిప్పు వదులైందా కూడా చూడండి.

పంపు సెట్టింగ్, నాజిల్ పని మాత్రం మనం ముట్టుకోవద్దు. నాజిల్ చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, చెయ్యి పోయే ప్రమాదం. వేడి మీద రేడియేటర్ మూత కూడా తీయొద్దు.

మెకానిక్‌లని తప్పుపట్టడానికి రాయట్లేదు. సీజన్‌లో వాళ్ళ ముందు పది బళ్ళు ఉంటాయి, మనం చెప్పే ఒక్క ముక్క "లాగట్లేదు". దాన్నిబట్టి ఎవరైనా ఏం చెప్తారు? పొగ ఏ రంగు, ఆయిల్ ఎంత తగ్గుతోంది, ఎయిర్ క్లీనర్ ఎప్పుడు కడిగారు, ఈ మూడూ చెప్పి అడగండి. దుమ్ము పనులున్న రోజుల్లో పొద్దున్నే ఐదు నిమిషాలు ఆ గిన్నె ఇప్పి చూసుకోండి. ఆ ఐదు నిమిషాలే మన 40 వేలు.