అశోకా రోడ్డులో ఐసు హాకీ కబుర్లు

ఆదివారం మధ్యాహ్నం అశోకా రోడ్డు ఒకటో నంబరుకి, అంటే మన ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి, ఎప్పుడైనా వెళ్ళారా? బిర్యానీ రోజు కదా, జనం బయటిదాకా ఉంటారు. ఆ వరసలో నిలబడితే ఎవరు ఏ పనిమీద ఢిల్లీ వచ్చారో అడక్కుండానే తెలిసిపోతుంది. రాజేంద్రనగర్ నుంచి వచ్చిన సివిల్స్ పిల్లలు, సుప్రీంకోర్టు వాయిదాకొచ్చిన పెద్దాయన, చంకలో ఫైలుతో ఎవరో ఎంపీ గారి కోసం తిరుగుతున్న ఊరి నాయకుడు. మొన్న నా ముందు నిలబడ్డ కుర్రాడు మాత్రం ఏ లెక్కలోకీ రాలేదు. ముదురు నీలం జెర్సీ, వీపున నారింజ రంగు అంచుతో 97 అంకె. మాట మాత్రం అచ్చం గోదావరి జిల్లా. కెనడాలో పెరిగాడట, మేనత్త కూతురి పెళ్ళికొచ్చాడట.

"ఐసు హాకీ చూస్తారా అంకుల్?" అన్నాడు. ఐసు మా ఇంట్లో ఫ్రిజ్‌లోనే చూస్తాం బాబూ అన్నాను. నవ్వేసి, వాళ్ళ నాన్న తెలుగు టైటన్స్ కబడ్డీ తప్పకుండా చూస్తారని చెప్పి, "పవన్ సెహ్రావత్‌కి టైటన్స్ ఎన్నేళ్ళ కాంట్రాక్టు ఇచ్చింది?" అని అడిగాడు. ఏళ్ళేమిటి నాయనా, ఇక్కడ వేలం కదా అంటే వాడు నమ్మలేదు. ఆ రోజు టోకెను చేతికొచ్చేదాకా, ఆ తరువాత పప్పూ గోంగూరా అయ్యేదాకా నడిచిన కబుర్లే ఇవి. వాడు చెప్పినవి కొన్ని, నేను తరువాత చదువుకున్నవి కొన్ని.

ఉత్తర అమెరికాలో ఐసు హాకీకి పెద్ద లీగు ఎన్‌హెచ్‌ఎల్. 32 జట్లు. ఒక్కో జట్టు ఆటగాళ్ళ జీతాలకి ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని గట్టి పరిమితి ఉంది. 2025-26 సీజన్‌కి అది 9 కోట్ల 55 లక్షల డాలర్లు. ఎంత గొప్ప ఆటగాడైనా ఒక్కడికి అందులో అయిదో వంతు దాటి ఇవ్వకూడదు. ఎంత అనామకుడైనా ఆ సీజన్‌కి 7 లక్షల 75 వేలకి తగ్గకూడదు.

ఈ పరిమితి ఊరికే రాలేదు. 2004-05లో యజమానులు తలుపులు మూసేశారు, సీజన్ మొత్తం రద్దయింది, ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. చివరికి ఆటగాళ్ళ సంఘం దిగొచ్చి పరిమితికి ఒప్పుకుంది, ఉన్న జీతాల్లో 24 శాతం కోత పడింది. నిజం చెప్పాలంటే యజమానులకి భయం ఆటగాళ్ళ మీద కాదు, తమ మీదే. పక్కవాడు పది అంటే మనం పన్నెండు అనకుండా ఉండలేని బలహీనతకి వాళ్ళే వేసుకున్న సంకెల అది.

అయితే ఆ సంకెలకి బదులుగా ఆటగాళ్ళకి వాటా దొరికింది. లీగు రాబడిలో ఇంత శాతం మాది అని రాసుకున్నారు. అది 57 శాతం దాకా పెరిగింది. 2012లో మళ్ళీ లాకౌట్, సగం సీజన్ పోయింది, ఆఖరికి చెరి సగానికి తెగింది. ఈ మాట వినగానే మేం కూచున్న చోటు గుర్తొచ్చి నవ్వొచ్చింది నాకు. రాష్ట్రం 2014లో విడిపోతే, జనాభా లెక్కన 58:42 అంటూ ఈ భవన్ పంపకం దశాబ్దం పాటు నలిగింది. పంపకాలకి ఐసైనా ఒకటే, అశోకా రోడ్డైనా ఒకటే.

వాటా లెక్క సీజన్ అయ్యాక గానీ తేలదు కనుక జీతంలో కొంత ముందే పట్టి ఉంచుతారు. కొవిడ్ తరువాతి సీజన్‌లో ఆ పట్టు 20 శాతం. మన ఉద్యోగులకి టీడీఎస్ మీద ఉన్న కోపం అక్కడి ఆటగాళ్ళకి దీనిమీద ఉంటుందట.

ఇక నాకు బాగా నచ్చిన కథ. పరిమితి లెక్కలోకి వచ్చేది ఆ ఏడు ఇచ్చిన జీతం కాదు, కాంట్రాక్టు మొత్తాన్ని ఏళ్ళతో భాగిస్తే వచ్చే సగటు. ఇంత సందు దొరికితే ఊరుకుంటారా? 2010లో న్యూజెర్సీ డెవిల్స్ జట్టు ఇల్యా కొవాల్‌చుక్‌కి 17 ఏళ్ళకి 10 కోట్ల 20 లక్షల డాలర్ల కాంట్రాక్టు రాసింది. సగటు ఏడాదికి 60 లక్షలే. కానీ లోపలి పేజీ చూడండి. మొదటి 11 ఏళ్ళలోనే 9 కోట్ల 85 లక్షలు. మిగిలిన ఆరేళ్ళకీ కలిపి 35 లక్షలు. కాంట్రాక్టు పూర్తయ్యేసరికి ఆయనకి 44 ఏళ్ళు. ఆ వయసులో ఆయన స్కేట్లు కట్టుకుని ఆడతాడని రాసినవాడూ అనుకోలేదు, సంతకం పెట్టినవాడూ అనుకోలేదు. సగటు పల్చబడాలని పాలల్లో నీళ్ళు పోసినట్టు ఏళ్ళు పోశారు, అంతే. లీగు ఒప్పుకోలేదు. వ్యవహారం మధ్యవర్తి దగ్గరికి వెళ్ళింది, ఆయనా కొట్టేశాడు. కొత్తగా 15 ఏళ్ళకి 10 కోట్లకి రాసుకున్నారు, జట్టుకి జరిమానా పడింది. ఇంతా చేస్తే 2013లో కొవాల్‌చుక్ ఆ లీగుకే దండం పెట్టి రష్యా వెళ్ళిపోయాడు! ఆ ఏడాది నుంచే నిబంధన మార్చారు: సొంత జట్టయితే ఎనిమిదేళ్ళు, కొత్త జట్టయితే ఏడేళ్ళు, అంతకు మించి రాయకూడదన్నారు.

దీనికి రెండో వైపు న్యూయార్క్ ఐలాండర్స్ గోల్‌కీపర్ రిక్ డిపియెట్రో. 2006లో 15 ఏళ్ళకి 6 కోట్ల 75 లక్షలు రాసిచ్చారు. పాపం, ఆ తరువాత దెబ్బ మీద దెబ్బ. 2013లో జట్టు వదిలించుకుంది. వదిలించుకోవడానికీ ఓ లెక్కుంది: మిగిలిన జీతంలో మూడింట రెండు వంతులు, మిగిలిన ఏళ్ళకి రెట్టింపు కాలంలో చెల్లించాలి. ఎనిమిదేళ్ళు మిగిలాయి, ఏడాదికి 45 లక్షలు. మీరే వెయ్యండి లెక్క. 16 ఏళ్ళ పాటు ఏటా 15 లక్షల డాలర్లు, 2029 దాకా. కాంట్రాక్టు అంటే అది.

అలాగని అక్కడ అంతా స్వేచ్ఛే అనుకోకండి. పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి డ్రాఫ్టులో ఎవరు పిలిస్తే వాళ్ళ జట్టుకే వెళ్ళాలి. మొదటి కాంట్రాక్టుకి జీతం గరిష్ఠం కూడా ముందే కట్టేసి ఉంటుంది. 27 ఏళ్ళు నిండితేనో, ఏడు సీజన్లు ఆడితేనో పూర్తి స్వేచ్ఛ. ఈ మధ్యలో ఉన్నవాడికి ఇంకో జట్టు కాంట్రాక్టు చూపి సంతకం పెట్టించుకోవచ్చు. పాత జట్టు ఏడు రోజుల్లో అదే మొత్తానికి ఉంచుకోవాలి, లేదా పరిహారంగా రాబోయే డ్రాఫ్టులో వంతులు తీసుకుని వదులుకోవాలి. 2024 ఆగస్టులో సెయింట్ లూయిస్ బ్లూస్ ఇలాగే మన కుర్రాడి అభిమాన జట్టు ఎడ్మంటన్ నుంచి బ్రోబెర్గ్, హోలోవే అనే ఇద్దర్ని ఒకే దెబ్బకి లాక్కుపోయింది. ఇది చెబుతుంటే వాడి మొహం చూడాలి, సొంత అన్నదమ్ముల్ని ఎత్తుకుపోయినట్టే.

వాడి వీపున ఉన్న 97 అదే జట్టు ఆటగాడు కానర్ మెక్‌డేవిడ్‌ది. 2025 అక్టోబరులో ఆయన కొత్త కాంట్రాక్టు రాసుకున్నాడు. నిబంధన ప్రకారం ఏడాదికి కోటి 90 లక్షల డాలర్లకు పైగానే అడగొచ్చు. పాత జీతమే, కోటి 25 లక్షలు, రెండేళ్ళు చాలన్నాడు. మిగిలింది జట్టులో మిగతావాళ్ళకి సరిపెట్టండి అని. త్యాగం అనకండి, లెక్క తెలిసినవాడి పని. పరిమితి ఉన్నచోట ఒకడు ఎక్కువ తింటే జట్టు ఆకలితో ఉంటుంది.

మన టైటన్స్ సంగతి చూడండి. ప్రో కబడ్డీలో 2023 వేలానికి జట్టుకి 5 కోట్ల పర్సు. అందులో 2 కోట్ల 60 లక్షల 50 వేలు ఒక్క పవన్ సెహ్రావత్‌కే పోశారు. ఒక్కడికి ఇంతే అన్న నియమం లేదు మరి. సగానికి పైగా ఒక్కడి మీద పెట్టిన ఆ సీజన్‌లో టైటన్స్ అట్టడుగున మిగిలింది. మరుసటి వేలంలో అతణ్ణే, చివరి పాట ధరకే పాత జట్టు వెనక్కి తీసుకునే ఫైనల్ బిడ్ మ్యాచ్ కార్డు వాడి, కోటి 72 లక్షల 50 వేలకి వెనక్కి తెచ్చుకున్నారు. 2025 వేలంలో తమిళ్ తలైవాస్‌కి 59 లక్షల 50 వేలకి వెళ్ళాడు. ఆ కార్డుకీ ఎడ్మంటన్ కథకీ పోలిక ఉన్నట్టు కనిపిస్తుంది. ఉన్న తేడా ఒక్కటే: అక్కడ ముందు సంతకం పెట్టేది ఆటగాడు. ఇక్కడ సుత్తి పడుతుంది, కార్డు లేస్తుంది, పవన్ ఏ ఊరు వెళ్ళాలో టీవీలో చూసి తెలుసుకుంటాడు.

గడ్డి మీద హాకీకీ అదే వరస. క్యాంటీన్ నుంచి బయటపడి ఇండియా గేటు చుట్టూ తిరిగి అవతలికి వెళ్తే ధ్యాన్‌చంద్ స్టేడియం. పాత హాకీ ఇండియా లీగులో ఢిల్లీ వేవ్‌రైడర్స్ ఆడిన చోటు. ఆ లీగు 2017తో ఆగిపోయి, 2024 అక్టోబరులో ఢిల్లీలోనే వేలంతో మళ్ళీ లేచింది. పురుషుల జట్టుకి 4 కోట్లు, మహిళల జట్టుకి 2 కోట్లు. ఈ రెండో అంకెకి నా దగ్గర మర్యాదైన వ్యాఖ్య లేదు. హైదరాబాద్ తూఫాన్స్ గొంజాలో పెయ్యాని 68 లక్షలకి కొంది; విదేశీయుల్లో అదే ఎక్కువ ధర. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో ఫైనల్ దాకా వెళ్ళి బెంగాల్ చేతిలో 3-4తో ఓడింది. 2005లో ప్రీమియర్ హాకీ లీగు మొదటి కప్పు హైదరాబాద్ సుల్తాన్స్ గెలిచిందని ఇప్పుడు ఎంతమందికి గుర్తుంది? లీగే పోయింది, ఇంక కప్పెక్కడ!

అందుకే మనవాళ్ళకి అసలు కాంట్రాక్టు లీగుతో కాదు, సర్కారుతో. 2024 హాకీ వేలంలో అందరికన్నా ఎక్కువగా 78 లక్షలు పలికిన హర్మన్‌ప్రీత్ సింగ్ అప్పటికే పంజాబ్ పోలీసులో డీఎస్పీ. మిగతావాళ్ళకి రైల్వేలు, ఇండియన్ ఆయిల్. లీగు కొన్ని వారాల పండగ. మోకాలు విరిగితే ఇంట్లో పొయ్యి వెలిగించేది స్పోర్ట్స్ కోటా ఉద్యోగమే. డిపియెట్రోకి కాంట్రాక్టు ఇచ్చిన ధీమా మనవాడికి పింఛను ఇస్తుంది. ఇందులో చిన్నతనం ఏమీ లేదు, నన్నడిగితే తెలివైన ఏర్పాటే. కానీ ఆ ఉద్యోగం దొరికేది గుప్పెడు మందికి. 2 లక్షల బేస్ ప్రైసుకి ఎవరైనా పిలుస్తారేమో అని కూచున్న కుర్రాడికి అదీ లేదు, ఇదీ లేదు.

వేలం పెట్టడం తప్పని నేననను. పర్సుకి హద్దు ఉండడం కూడా మంచిదే, లేకపోతే డబ్బున్న జట్టే ఏటా గెలుస్తుంది. కానీ ఆ హద్దు ఎంత ఉండాలి, రాబడిలో వాటా ఎంత, దెబ్బ తగిలితే ఎవరు భరించాలి అని తేల్చే బల్ల దగ్గర అక్కడ ఆటగాళ్ళ సంఘం కూచుంటుంది. సీజన్లు పోగొట్టుకుని సంపాదించుకున్న కుర్చీ అది. మన దగ్గర ఇంత డబ్బున్న క్రికెట్‌లోనే 2019లో పెట్టిన సంఘం రిటైరైన వాళ్ళకి మాత్రమే. కబడ్డీకీ హాకీకీ ఆ కుర్చీ వెయ్యనంత కాలం, వేలంలో పలికే కోట్లు ఎంత పెద్దవైనా, అది ఆటగాడికి కట్టిన ధరే గానీ ఆటగాడితో చేసుకున్న ఒప్పందం కాదు.