220 అక్షరాల్లో నేను

జూన్ 12, 2024, బుధవారం

బడులు తెరిచారు. బాబుని స్కూలు బస్సెక్కించి వచ్చి, అంట్ల జోలికి పోకుండా లింక్డ్‌ఇన్ తెరిచాను. నా పేరు కింద ఇంకా పాత కంపెనీలో సీనియర్ కెమిస్ట్ అనే ఉంది. అక్కడ మానేసింది 2018 మార్చిలో. ముందు ఆ తేదీ దిద్దాను.

మెనూలు ఇప్పుడు తెలుగులో కూడా వస్తున్నాయి. మార్చుకున్నాను, హాయిగానే ఉంది. ప్రొఫైల్ మాత్రం ఇంగ్లీషులోనే రాయక తప్పదు. ఫార్మాలో మనుషుల కోసం వెతికేవాళ్ళు వెతికేది ఆ మాటలతోనే.

జూన్ 14, శుక్రవారం

మేనకోడలు హాస్టల్ నుంచి వచ్చింది. ఎం.బి.ఏ. చదువుతోంది కదా, ఈ విషయాల్లో నాకు గురువు అదే. పేరు కింద వచ్చే హెడ్‌లైన్‌కి 220 అక్షరాలు ఇస్తారట. ఏదో ఏఐలో నా వివరాలు పడేసి, అర నిమిషంలో ఒకటి రాయించి చూపించింది. నాణ్యత మీద తపన, ఫలితాలే లక్ష్యం, సవాళ్ళంటే ఇష్టం. అన్నీ ఉన్నాయి, నేను చేసే పని ఒక్కటి తప్ప.

“ఇది ఎదురింటి ఎల్‌ఐసీ ఏజెంటుకి కూడా సరిపోతుందే” అన్నాను.

“అందరూ ఇలాగే రాస్తారత్తా.”

“అందుకే వద్దంటున్నా.”

కాసేపు మొహం ముడుచుకుంది గానీ, అసలు సంగతి చెప్పిందీ అదే. రిక్రూటర్ కూర్చునేది సెర్చ్ బాక్స్ ముందు. అక్కడ ఎవరూ ‘తపన’ అని టైపు చెయ్యరు. హెచ్‌పీఎల్‌సీ అని కొడతారు, డిసొల్యూషన్ అని కొడతారు, అంటే మేం చేసే పరీక్షల పేర్లు, హైదరాబాద్ అని కొడతారు. పైగా ఫోన్‌లో చూసేవాళ్ళకి మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి. కాబట్టి ఇలా పెట్టాం: క్యూసీ అనలిస్ట్, హెచ్‌పీఎల్‌సీ, డిసొల్యూషన్, మెథడ్ వాలిడేషన్, అమెరికా మార్కెట్‌కి మాత్రలు, తొమ్మిదేళ్ళ అనుభవం. చదవడానికి సరుకుల చీటీలా ఉంది. ఉండనీ.

ఫోటో బాల్కనీలో తీసింది. పాస్‌పోర్ట్ ఫోటో పెడతానంటే ఒప్పుకోలేదు.

జూన్ 18, మంగళవారం

ఎక్స్‌పీరియన్స్ దగ్గర పొద్దంతా పట్టింది. మొదట రాసినవన్నీ ‘బాధ్యతలు నిర్వహించాను’ బాపతే. అలాంటి వాక్యం చదివితే ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఒకటే అనిపిస్తుంది. నేను కూర్చుంటే ఏం జరిగిందో రాయాలి.

ఏం జరిగింది? 2013 తర్వాత అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్ళు మన ల్యాబుల్లో డేటా ఇంటిగ్రిటీ మీద గట్టిగా పడ్డారు. అంతవరకు ప్రింటవుట్ మీద సంతకం ఉంటే చాలనుకున్న చోట, కంప్యూటర్‌లో ఆడిట్ ట్రయిల్, అంటే ఎవరు ఎప్పుడు ఏం మార్చారన్న రికార్డు, చూపించమన్నారు. పీక్‌ని చేత్తో ఎందుకు ఇంటిగ్రేట్ చేశావు, మొదటి ఇంజెక్షన్ ఫలితం ఎందుకు వదిలేశావు అని అడగసాగారు. మా ల్యాబులో ఆ మార్పు నా కళ్ళముందు, సగం నా చేతుల మీద జరిగింది. ఆడిట్ ట్రయిల్ ఎలా చదవాలో కొత్త పిల్లలకి నేర్పింది నేను. రిజల్ట్ స్పెసిఫికేషన్ దాటినప్పుడు, అదే ఓఓఎస్, పాసయ్యేదాకా మళ్ళీ మళ్ళీ టెస్ట్ చెయ్యకుండా ముందు కారణం వెతకాలని పట్టుబట్టిందీ నేనే. ఇవి రాశాను.

చిక్కల్లా ఎక్కడంటే, పని గురించి ఎంత వివరంగా రాస్తే అంత నమ్ముతారు, కానీ మాది వివరాలు బయటపెట్టకూడని పని. ఏ మందో రాయకూడదు. ఏ కస్టమరో రాయకూడదు. ల్యాబులో దిగిన ఫోటో పెట్టకూడదు, వెనక బోర్డు మీద బ్యాచ్ నంబరు ఉంటుంది. ఆడిట్లో ఏం దొరికిందన్నది అసలే రాయకూడదు. ఎఫ్‌డీఏ వార్నింగ్ లెటర్లు వాళ్ళ వెబ్‌సైట్‌లో ఎవరైనా చదవొచ్చు, నిజమే. అయినా మానేసిన మనిషి నోటి నుంచి రావడం వేరు. మందు పేరు తీసేసి ‘ఓరల్ సాలిడ్ డోసేజ్’ అని, కస్టమర్ పేరు తీసేసి ‘అమెరికా, యూరప్ మార్కెట్లు’ అని పెట్టాను. పని మాత్రం పూర్తిగా ఉంచాను.

జూన్ 23, ఆదివారం

2018 నుంచి ఇప్పటిదాకా ఉన్న ఖాళీ గురించి ఇంట్లో పంచాయితీ. ‘ఫ్రీలాన్స్ కన్సల్టెంట్’ అని పెట్టెయ్యమని మా ఆయన. ఎవరు చూడొచ్చారట. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్ళు చూస్తారు. పీఎఫ్ రికార్డు తీస్తే ఏ నెలలో ఎక్కడ పనిచేశామో తేలిపోతుంది. అది పక్కన పెట్టినా, డేటా ఇంటిగ్రిటీ నేర్పానని పైన రాసుకుని కింద లేని ఉద్యోగం రాస్తే ఏం బాగుంటుంది?

2022 నుంచి లింక్డ్‌ఇన్‌లో కెరీర్ బ్రేక్ అని వేరే గడి ఉంది. కారణాల జాబితాలో కుటుంబ సంరక్షణ ఎంచుకున్నాను. అత్తయ్యగారి పక్షవాతం, రెండేళ్ళ పిల్లాడు అని కథంతా రాయలేదు. ఒక్క వాక్యం చాలు.

అంతకన్నా పెద్ద సంగతి వేరే ఉంది. నేను మానేసిన ఏడాదే, 2018 జూలైలో, వాల్సార్టన్ మాత్రల్లో ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమీన్ బయటపడింది. బీపీ మందులో క్యాన్సర్ కారకం. దేశాలకు దేశాలే సరుకు వెనక్కి పిలిచాయి. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో అదే కారణంతో ఎసిడిటీ మందు రానిటిడిన్‌నే మార్కెట్ నుంచి తీసేయించారు. మా పని తీరే మారిపోయింది. ఇప్పుడు వెతకాల్సింది శతకోటి వంతుల లెక్కన, దానికి ఎల్‌సీ-ఎంఎస్‌/ఎంఎస్ లాంటి పరికరం కావాలి. మెథడ్ వాలిడేషన్ మీద ఐసీహెచ్ అనే అంతర్జాతీయ సంస్థ కొత్త నియమాలు, క్యూ2 (ఆర్‌2), క్యూ14, కిందటి నవంబరులో ఖరారయ్యాయి. అన్నీ ఉచితంగా దొరికే పీడీఎఫ్‌లే. బాబు పడుకున్నాక చదువుతున్నాను.

అబౌట్ చివర రాశాను: ఈ నియమాలు చదివాను, ఎల్‌సీ-ఎంఎస్‌/ఎంఎస్ మీద స్వయంగా పనిచేయలేదు. “లేనిది కూడా రాసుకుంటారా ఎవరైనా?” అని మేనకోడలు నెత్తి కొట్టుకుంది. రాసుకుంటారు. ఉన్నవి నమ్మాలంటే.

జూన్ 30, ఆదివారం

‘ఓపెన్ టు వర్క్’ అని ఫోటో చుట్టూ ఆకుపచ్చ పట్టీ. రిక్రూటర్లకి మాత్రమే కనిపించేలా కూడా పెట్టుకోవచ్చు. పట్టీ పెడితే అవసరంలో ఉన్నట్టు కనిపిస్తామని కొందరి మాట. అవసరంలోనే ఉన్నాను. మేనేజరుకి తెలుస్తుందని దాచుకోవడానికి నాకు ఉద్యోగమేదీ? పెట్టేశాను.

ఇక కనెక్షన్లు. 500 దాటితే అసలు సంఖ్య చూపించడం మానేస్తుందట. అంతవరకు ఎవర్ని పడితే వాళ్ళని చేర్చుకునేవాళ్ళున్నారు. నాకెందుకో మనసొప్పలేదు. మేనకోడలు తన పాఠంలోంచి ఒకటి చెప్పింది. 1973లో మార్క్ గ్రానవెటర్ అనే అమెరికన్ సోషియాలజిస్టు, ఉద్యోగం కబురు ఆప్తుల కంటే ముఖ పరిచయస్తుల దగ్గర్నుంచే ఎక్కువ వస్తుందన్నాడు. ఆప్తులకి తెలిసినవి మనకీ తెలిసే ఉంటాయి కదా. 2022లో లింక్డ్‌ఇన్‌లోని 2 కోట్లమంది మీద ఐదేళ్ళ లెక్కలు తీసి ‘సైన్స్’ పత్రికలో వేస్తే, చాలావరకు అదే తేలిందట. మరీ దూరం వాళ్ళు కాదు, మరీ దగ్గర వాళ్ళూ కాదు, కొద్దిగా తెలిసినవాళ్ళు.

నాకు కొద్దిగా తెలిసినవాళ్ళెవరు? కంపెనీ బస్సులో వాళ్ళు. మియాపూర్‌లో ఎక్కి, పక్కన కూర్చుని, టిఫిన్ డబ్బాల గురించీ ఇంటి అద్దెల గురించీ మాట్లాడినవాళ్ళు. ప్యాకింగ్, రెగ్యులేటరీ, స్టోర్స్. పేర్లు గుర్తు తెచ్చుకుని ఒక్కొక్కరినీ వెతికాను. ఉచిత ఖాతాకి ఉత్తరం ముక్కతో రిక్వెస్టులు నెలకి కొన్నే ఇస్తారు, అందుకని చూసి వాడాను. ‘బస్సులో కిటికీ పక్క సీటు కోసం పోట్లాడినదాన్ని’ అని ఒకామెకి రాశాను.

ఈ వెతుకులాటలో, ఒకప్పుడు నాతో మాట మానేసినాయన ప్రొఫైల్ కూడా చూశాను. చూసినట్టు ఆయనకి తెలుస్తుందట. ప్రైవేట్ మోడ్ సంగతి తర్వాత తెలిసింది. తెలిస్తే తెలిసింది.

జూలై 5, శుక్రవారం

మా మరిది నాకు క్రొమటోగ్రఫీలో నైపుణ్యం ఉందని ఎండార్స్ చేశాడు. సివిల్ కాంట్రాక్టరు. ఎండార్స్‌మెంట్ల విలువ అంతే.

రికమెండేషన్ అలా కాదు, ఎవరు రాశారో పేరుతో సహా ఉంటుంది. మా పాత ల్యాబ్ ఇన్‌ఛార్జి ఇప్పుడు విశాఖ దగ్గర పరవాడలో ఉన్నారు. ఫోన్ చేస్తే, “ఏమ్మా, బాబెలా ఉన్నాడు? రాయకపోవడమేంటి, రాస్తాను” అన్నారు. సాయంత్రానికి వచ్చింది. కష్టజీవి, నిజాయితీపరురాలు, జట్టుతో కలిసిపోతుంది. పెద్దాయన, ఎలా చెప్పను? చెప్పాను. “సార్, నేను పట్టుబట్టిన ఆ డిసొల్యూషన్ ఓఓఎస్ సంగతి రాయగలరా, మందు పేరు లేకుండా?” కాసేపు మాట్లాడలేదు. తర్వాత గట్టిగా నవ్వి, “ఆరోజు నీ మీద ఎంత కోపమొచ్చిందో తెలుసా?” అన్నారు. మళ్ళీ రాసిన దాంట్లో ఆ కోపం సంగతి కూడా పెట్టారు. మిగతా ప్రొఫైలంతా ఒకెత్తు, ఆ మూడు వాక్యాలు ఒకెత్తు.

జూలై 8, సోమవారం

గల్ఫ్‌లో క్యూసీ మేనేజర్ ఉద్యోగం, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని మెసేజి. పంపినవాడి ఖాతా కొత్తది, ఇద్దరికీ తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. రిపోర్ట్ కొట్టి, ప్రొఫైల్‌లో నా ఫోన్ నంబరు ఎవరికీ కనిపించకుండా చేసి, డిజిలాకర్ ద్వారా ఆధార్‌తో వెరిఫికేషన్ పూర్తి చేశాను.

జూలై 16, మంగళవారం

కిటికీ సీటు ఆమె దగ్గర్నుంచి ఫోన్. ఆమె ఇప్పుడు ఒక కాంట్రాక్ట్ టెస్టింగ్ ల్యాబులో ఉంది. అక్కడ డేటా రివ్యూకి మనుషులు కావాలట, నా ప్రొఫైల్ లింకు వాళ్ళ హెడ్‌కి పంపింది. మధ్యాహ్నమే ఆయన ఫోన్ చేశాడు. ఖాళీ గురించి ఒక్క ప్రశ్న, అదీ మర్యాదకి. ఎల్‌సీ-ఎంఎస్‌/ఎంఎస్ రాదని రాశారు, నేర్చుకుంటారా అని అడిగాడు. మిగతాదంతా ఆ ఓఓఎస్ గురించే. సార్‌కి కోపం ఎందుకొచ్చిందో చెప్పమన్నాడు, చెప్పాను. శనివారం టెక్నికల్ రౌండ్.

సాయంత్రం ఆమె మళ్ళీ మెసేజి పెట్టింది: “అక్కా, నాకూ ఒక రికమెండేషన్ రాసిపెట్టవా? సార్ నీకు రాసినట్టుగా.” సరేనని కూర్చున్నాను. నాలుగేళ్ళు పక్కపక్కన ప్రయాణం చేశాం. ఆమె రెగ్యులేటరీలో ఉండేదని తప్ప, అక్కడ ఏం చేసేదో నాకు తెలియదు. పొద్దున్నే ఫోన్ చేసి అడగాలి.