పెన్‌డ్రైవ్‌లో ఉన్న పని ఎవరిది?

డిజిటల్ మిక్సర్ మీద కచేరీకి ముందు సౌండ్ ఇంజనీరు చేసే నిర్ణయాలన్నీ, అంటే గాయని మైకుకు ఎంత గెయిన్ ఇవ్వాలి, మృదంగం ఎడమ వైపు మోతను ఎంత తగ్గించాలి, ఏ పాటకు ఏ ఫేడర్ ఎక్కడ నిలవాలి అన్నవన్నీ, షో ఫైల్ అనే చిన్న దస్త్రంగా ఒక పెన్‌డ్రైవ్‌లో ఇమిడిపోతాయి.

దానికి నకలు తీసుకుని, తక్కువ డబ్బుకు వచ్చే మరొకరిని మిక్సర్ ముందు కూర్చోబెట్టే వీలు నిర్వాహకుడికి ఉన్నప్పుడు, రోజు లెక్కన ఇచ్చే సొమ్ము ఆ ఒక్క రాత్రి శ్రమకే ధర అవుతుంది గానీ ఏళ్ల తరబడి చెవికి అబ్బిన విద్యకు కాదు.
ఇది అన్యాయం.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం శబ్దముద్రణకు, అంటే రికార్డు చేసిన ధ్వనికి, కర్తగా గుర్తింపు పొందేది నిర్మాతే. ప్రదర్శకుల నిర్వచనంలో గాయకులతో పాటు గారడీవారినీ పాములాడించేవారినీ పేర్కొన్న ఆ చట్టం సౌండ్ ఇంజనీరును పేరు పెట్టి చెప్పలేదు.
2012 సవరణ గీత రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీలో వాటాను కాపాడింది. మిక్సింగ్ చేసేవారి ప్రస్తావన అందులోనూ లేదు.

అందువల్ల ఫైల్ ఎవరి దగ్గర ఉండాలి, మళ్లీ వాడితే ఎంత చెల్లించాలి అన్నవి ముందుగా రాసుకున్న ఒప్పందంలోనే తేలవలసి ఉంది.

ఈ వృత్తిలో ఉన్నవారు అలాంటి కాగితంలో ఏయే షరతులు రాయించుకుంటున్నారో కింద తెలియజేయగలరు.