కోరుకొండ దాటిన తరువాత

రాజమహేంద్రవరం నుండి ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్లు ప్రయాణిస్తే పొలాల నడుమ ఒక కొండ కనబడుతుంది. అదే కోరుకొండ. 14వ శతాబ్దంలో ముమ్మడి నాయకునికి రాజధానిగా ఉన్న ఊరు ఇది. కొండపై లక్ష్మీనరసింహస్వామి ఆలయం ఉన్నది. ఈ మైదానంలో అంతటి గుర్తు కళ్లెదుట ఉండగా బాటసారి దిక్కు తప్పడం కష్టమే.

అయితే బాట ఇక్కడితో ఆగదు. గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి, అక్కడి నుండి కనుమ దారిలో చింతూరుకు, భద్రాచలానికి సాగిపోతుంది. సెలవులు వస్తే పిల్లాపాపలతో మన్యం చూడబోయే కుటుంబాలు ఎన్నో ఈ దారినే పడతాయి. వారి పాత కార్లలో నేడు ఒక మార్పు తరచుగా కనబడుతున్నది. కంపెనీ అమర్చిన స్టీరియోను తీసివేసి, దాని స్థానంలో దారి చూపే తెర గల స్టీరియోను బిగించుకుంటున్నారు.

ఈ పని చూడటానికి చిన్నదే. ‘డబుల్ డిన్’ అనే కొలత ప్రకారం డాష్‌బోర్డులో 180 మిల్లీమీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల ఎత్తు గల ఖాళీ ఉంటే చాలు. పసుపు తీగ బ్యాటరీ నుండి ఎల్లవేళలా కరెంటు తెస్తుంది. ఎర్ర తీగకు తాళం తిప్పినప్పుడే కరెంటు అందుతుంది. నల్లనిది బండి బాడీకి కలిసే ఎర్త్. కారుకు సరిపడే కప్లర్ దొరికితే పాత తీగలను కోయవలసిన అవసరమే లేదు. జీపీఎస్ యాంటెన్నాను ఇనుము చాటున కాక, ముందు అద్దం దగ్గర ఆకాశం కనబడే చోట అమర్చాలి.

ఇక్కడ చాలామంది గ్రహించని భేదం ఒకటున్నది. మనం ఎక్కడ ఉన్నామో తెలపడం వేరు, మన చుట్టూ ఏమున్నదో చూపడం వేరు. మొదటి పనికి ఇంటర్నెట్ అక్కర లేదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలలో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే యంత్రం తన చోటును లెక్కకట్టుకుంటుంది. రెండవ పనికి పటం కావాలి. ఆ పటం ముందుగా యంత్రంలో భద్రపరచబడి లేకపోతే, సెల్ సిగ్నల్ పోయిన చోట ఖాళీ తెరపై ఒక చుక్క మాత్రమే మిగులుతుంది. కోరుకొండ వరకు ఈ లోటు ఎవరికీ తెలియదు. అడవిలో సిగ్నల్ సన్నగిల్లిన తరువాతే తెలుస్తుంది. కనుక యంత్రం కొనేటప్పుడు తెర ఎంత పెద్దదని అడగడం కంటే, పటం లోపల నిలుస్తుందా అని అడగడం మేలు.

దారిని పటంగా మలచే విద్య మన పూర్వులకు కొత్త కాదు. గజ్నీ నగరం నుండి ఖిబ్లా దిశను కచ్చితంగా తెలుసుకొనేందుకు అల్‌బీరూనీ ఊర్ల అక్షాంశ రేఖాంశాలను లెక్కించాడు. అల్‌ఇద్రీసీ 1154లో సిసిలీ రాజు రోజర్ కొలువులో పూర్తిచేసిన ప్రపంచ పటంలో దక్షిణం పైన ఉన్నది. నేటి తెర కూడా ఉత్తరాన్ని పైన నిలపమంటే నిలుపుతుంది, బండి ముఖాన్ని పైన ఉంచమంటే అలాగే తిరుగుతుంది.

ఇంతవరకు అంతా సౌకర్యమే. భయపడవలసినది మరొక సన్నని తీగ విషయంలో. ఈ యంత్రాలలో అనేకం హ్యాండ్‌బ్రేక్ వేసి ఉన్నదో లేదో కనిపెట్టే తీగతో వస్తాయి. బ్రేక్ వేసి ఉంటేనే తెరపై వీడియో ఆడుతుంది. కొన్ని దుకాణాలలో ఆ తీగను నేరుగా ఎర్త్‌కు కలిపివేస్తారు. అప్పుడు బండి పరుగెడుతున్నా, అది నిలిచి ఉన్నదనే యంత్రం నమ్ముతుంది. పిల్లలు కార్టూన్లు చూస్తారని తల్లిదండ్రులు సంతోషిస్తారు. కానీ ఆ తెర ఉన్నది పిల్లల ముందు కాదు, స్టీరింగ్ పక్కన.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి రెండు సెకన్లలో సుమారు 22 మీటర్లు దాటిపోతుంది. మారేడుమిల్లి దాటిన తరువాతి మలుపులలో అది ఒక మలుపు మొత్తం కావచ్చు. దారి తెలుసుకొనేందుకు డ్రైవరు చేతి ఫోనును ఏకాగ్రత చెదరని రీతిలో వాడుకొనే వీలును 2020 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధన కల్పించింది. ఆ వీలు దారి కోసమే, వినోదానికి కాదు. చట్టం మాట అటుంచినా, వెనుక సీటులో నిద్రపోతున్న ప్రాణాలు ఇంటి పెద్ద చేతిలో అల్లాహ్ ఉంచిన అమానతు.

యంత్రానికి తెలియని సంగతులు కూడా ఉన్నవి. నిన్న కురిసిన వానకు పొంగిన వాగును అది చూపకపోవచ్చు. మారేడుమిల్లిలో బొంగు చికెన్ అమ్మే చోటును చూపుతుంది, ఆ కోడిని జిబహ్ చేసినదెవరో చెప్పదు. అందుకు బండి ఆపి, ఒక మనిషిని మర్యాదగా పలకరించి అడగవలసిందే.

కనుక ఈ దారిన పోయేవారు కోరుకొండలో కాసేపు ఆగడం మంచిది. బండి నిలిపి, గమ్యాన్ని నమోదు చేసి, పటం లోపల ఉన్నదని సరిచూసుకొని, మాట వినబడేలా శబ్దాన్ని సర్ది, సఫర్ దుఆ చదివి కదలవచ్చును. ఆపైన చెవి యంత్రానికి, కన్ను దారికి. స్టీరియో బిగించే మెకానిక్‌కు ముందుగానే చెప్పవలసిన మాట ఒకటే: “భాయ్, ఆ బ్రేకు తీగను బ్రేకుకే కలపండి.”