మూడు నెలల సగటు

నవంబర్ 6
రిపోర్టు వచ్చింది. పరగడుపున షుగరు 162. మూడు నెలల సగటు, అదే హెచ్‌బీఏ1సీ, 8.4. ఈయన కాగితం చూసి, "నువ్వు తీపే ముట్టవు కదా!" అన్నారు. ఇంట్లో అందరి ఆశ్చర్యమూ అదే. ఎర్ర రక్తకణం బతికేది సుమారు నాలుగు నెలలు. అన్నాళ్ళూ రక్తంలో తిరిగే గ్లూకోజు దానికి అంటుకుంటూనే ఉంటుంది. అందుకని పరీక్షకి ముందు రెండు రోజులు కడుపు మాడ్చుకున్నా ఈ అంకె మారదు.

నవంబర్ 9
రాత్రి తిన్నది రెండు పుల్కాలు. పొద్దున చూస్తే 158. ఎక్కడినుంచి వచ్చింది? డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. మనం నిద్రపోతున్నప్పుడు మెదడుకి కావలసిన గ్లూకోజును కాలేయం వదులుతూ ఉంటుంది. ఇక చాలని దాన్ని ఆపేది ఇన్సులిన్. టైప్ 2 మధుమేహంలో ఇన్సులిన్ ఉన్నా కాలేయమూ కండరాలూ దాని మాట సరిగ్గా వినవు. నాకు రాసిన మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా పనిచేసేది కాలేయం మీదే. వినని ఒంటికి ఇంకా ఇంకా ఇన్సులిన్ తయారుచేసి క్లోమం ఏళ్ళ తరబడి అలసిపోతుంది. జబ్బు బయటపడేనాటికే చాలామందిలో దాని శక్తి సగం పోయి ఉంటుందని అంచనా. మొన్న తిన్న జిలేబీని పట్టుకుని నిలదీస్తే ఏం లాభం?

నవంబర్ 14
మధుమేహ దినం. ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజు. ఆయనా చార్లెస్ బెస్టూ 1921లో టొరంటోలో ఇన్సులిన్‌ను వెలికితీశారు. మరుసటి జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ పిల్లవాడికి మొదటిసారి ఇచ్చారు. అంతవరకూ అలాంటి పిల్లలకి చావు తప్ప దారి లేదు. ప్రాణం పోసిన మందు అది. మా బాబాయి దగ్గర ఆ మాటెత్తితే మాత్రం, "సూది దాకా వచ్చిందంటే ఇక అయిపోయినట్టేనమ్మా" అంటాడు.

నవంబర్ 23
గుడివాడలో పెళ్ళి. బాబాయి విస్తట్లో పూర్ణం పడగానే అవతలి పంక్తిలోంచి ఒకావిడ, "షుగరు మనిషికి వెయ్యకండి!" అని కేకేసింది. అందరూ తిరిగి చూశారు. బాబాయి తల దించుకుని పూర్ణం తీయించేసి, మారు అన్నం రెండుసార్లు వేయించుకున్నాడు. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. నాకు కడుపు తరుక్కుపోయింది. డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేసి ఏడాది దాటిందని తర్వాత పిన్ని చెప్పింది. తిడతారని భయమట. మనిషిని దొంగలా చూస్తే తిండీ దాస్తాడు, రిపోర్టులూ దాస్తాడు.

నవంబర్ 30
మీటరు కొన్నాను. తిన్న రెండు గంటలకి లెక్కలు: నాలుగు ఇడ్లీలకి 231, రెండు పెసరట్లకి 174, రాగి జావకి 219. రాగి జావ అంటే మనవాళ్ళకి ఎంత నమ్మకం! మెత్తటి పిండి చేసి పలచగా ఉడికిస్తే రాగులైనా ఇట్టే అరిగి రక్తంలో కలుస్తాయి. మధ్యాహ్నం బీరకాయ కూర, పప్పు ముందు తిని అన్నం చివర్లో కలుపుకుంటే, అంతే అన్నానికి అంకె తగ్గింది. ఇవి నా ఒంటి లెక్కలు. పక్కింటావిడవి వేరుగా ఉండొచ్చు.

డిసెంబర్ 8
భోంచేశాక డాబా మీద పావుగంట నడక. కదిలే కండరం ఇన్సులిన్ కోసం ఆగకుండానే గ్లూకోజు తీసుకుంటుంది.

డిసెంబర్ 20
శనివారం. బాబాయికి ఒక్కపొద్దు. తినలేదు గానీ గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం వేసుకున్నాడు. పదకొండింటికి చెమటలు, వణుకు, మాట తడబాటు. పిన్ని ఫోను చేస్తే మీటరు తీసుకుని పరుగెత్తాను. 54. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట ఆగి చూస్తే 88. అప్పుడు అన్నం పెట్టాం. మింగే శక్తి ఉంది కాబట్టి సరిపోయింది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, ఆస్పత్రికే. మనం తిన్నా తినకపోయినా ఆ మాత్ర క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తుంది. ఉపవాసం ఉంటానని ముందే డాక్టరుకి చెబితే మోతాదు మార్చేవారు. తిట్లకి భయపడే మనిషి ఏ ముఖంతో వెళ్ళి చెబుతాడు?

డిసెంబర్ 24
బాబాయిని నా డాక్టరుగారి దగ్గరికే తీసుకెళ్ళాను. కళ్ళు మూసుకోమని అరికాలికి నైలాన్ పోగు తాకించారు. బొటనవేలి కింద తాకినా బాబాయికి తెలియలేదు. కంట్లో చుక్కలు వేయించి రెటీనా చూపించమన్నారు, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష రాశారు. ఇవన్నీ ఏటా చేయించాల్సినవే. మధ్యాహ్నపుటెండలో వట్టి కాళ్ళతో గుడి ప్రదక్షిణలు వద్దన్నారు, పొద్దున్నే వెళ్ళమన్నారు. ఒక్క మాట కూడా తిట్టలేదు. బాబాయి తనంతట తానే పూర్ణాల దగ్గర్నుంచి ఒక్కపొద్దు దాకా అన్నీ చెప్పేశాడు.

జనవరి 12
అరిసెలు. "బెల్లమే కదా" అంది పిన్ని. బెల్లమైనా పంచదారైనా రక్తంలోకి చేరాక ఒకటే. బాబాయి అందరి ముందూ ఒక అరిసె తిని, ఆ పూట అన్నం తగ్గించాడు. ఎవరూ ఏమీ అనవద్దని ఇంటిల్లిపాదికీ ముందే చెప్పి ఉంచాను.

ఫిబ్రవరి 7
నా మూడు నెలల సగటు ఇప్పుడు 7.3. మందులు మార్చలేదు. బాబాయి రాత్రిపూట ఇన్సులిన్ మొదలుపెట్టాడు, తనే పొడుచుకుంటున్నాడు. ఇన్సులిన్ పెన్ను ఎక్కడ పెట్టాలని పిన్ని అడిగింది. కొత్తవి ఫ్రిజ్‌లో, డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్ళీ కరిగినా పనికిరాదు. బాబాయి వాడే రకం, తెరిచాక బయటే నాలుగు వారాలు ఉంటుంది, ముప్ఫై డిగ్రీలు దాటనంతవరకే. బెజవాడ ఎండలు మార్చిలోనే ముదురుతాయి. తడి ఇసుక పోసిన మట్టికుండలో చిన్న డబ్బా దించి, పెన్ను అందులో ఉంచవచ్చు. వచ్చే ఆదివారం కుండ కొనుక్కొస్తానన్నాను.